బచేలీలో దిగిన హరికేన్

మా మావయ్య పోయాడన్న కబురు నాకు గీదం బస్టాండ్‌లో అందింది. అప్పటికి నేను బచేలీ బస్సులో కిటికీ పక్క సీటు సంపాదించి, ఒళ్ళో మట్టి సంచి పెట్టుకుని, ఏదో ఘనకార్యం చేసినవాడిలా చాయ్ తాగుతున్నాను. ఫోన్‌లో మా అమ్మ.

"ఒరే, మావయ్య పోయాడ్రా. డ్యూటీకని బూట్లేసుకుంటా వరండాలో అలాగే ఒరిగిపోయాడంట. ఆస్పత్రికి తీసుకెళ్ళేతలికే..."

"ఫోటో ఉందా?" అన్నాను.

సొంత మేనమామ చావు కబురు విని మనిషన్నవాడు అనే మాటేనా అది? అమ్మ ఒక్క క్షణం ఏడుపు ఆపింది. ఆ తర్వాత అంతకు ముందుకన్నా గట్టిగా ఏడ్చింది. ఎందుకంటే ఆ మాట నాది కాదు, ఆయనది. ఎవరు ఏం చెప్పినా ఆయన ముందుగా అడిగేది అదే. "మొన్న పెళ్ళిలో మీ అక్క నన్ను చూసి మొహం తిప్పుకుంది" అని అత్త అంటే, "ఫోటో ఉందా?" "మావా, నాకు ఫస్ట్ క్లాస్ వచ్చింది" అని నేను అంటే, "ఫోటో ఉందా?" ఆ మాట ఎప్పుడో నా నోటికీ అంటుకుంది. నమ్మలేనిది వినగానే అదే బయటికొచ్చింది. ఈసారి మాత్రం ఫోటో లేకపోయినా నిజమే.

మావయ్య గురించి లోకానికి తెలిసింది తక్కువ. బచేలీ ఇనుప గనిలో కన్వేయర్ బెల్టుల దగ్గర ఫోర్‌మన్. విజయనగరం వైపు నుంచి మా తాతయ్య రైలెక్కి, సొరంగాలన్నీ దాటి ఈ కొండల్లోకి వచ్చి ఉద్యోగంలో చేరితే, మావయ్య ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడే చేరాడు. పిల్లలు లేరు. అత్త ఉంది. ఇక లోకానికి తెలియనిది ఏమిటంటే, డ్యూటీ దిగి స్నానం చేశాక ఆయన బచేలీ టౌన్‌షిప్ వైమానిక దళాధిపతి. ఆ దళానికి ఒకే విమానం, అదీ ఎప్పుడూ సగంలోనే ఉండేది. సిబ్బంది ఇద్దరం, ఆయనా నేనూ. అత్త ప్రతిపక్షం.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. కంప్యూటర్‌లో పాత యుద్ధ విమానాలు నడిపే ఆటలున్నాయి. ఆట అంటే మావయ్యకి కోపం, సిమ్యులేటర్ అనాలి. ఆట చేసినవాళ్ళు ఇచ్చిన విమానాలు కాక, ఓపిక ఉన్నవాళ్ళు ఇంట్లో కూర్చుని మరో విమానాన్ని తయారుచేసి అందులో కలపవచ్చు. దాన్ని యాడ్-ఆన్ అంటారు. పైసా రాదు. ప్రపంచం మొత్తం మీద కొంతమంది పిచ్చివాళ్ళు దాన్ని దించుకుని, నడిపి, ఇందులో ఫలానా రివెట్టు తప్పు అని ఉత్తరం రాస్తారు. అదే జీతం.

మావయ్య ఎంచుకున్నది హరికేన్. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు మన కుర్రాళ్ళు నడిపిన హరికేన్. "ఇంగ్లండ్ మీద ఎగిరినవి సెయ్యడానికి సానామంది ఉన్నార్రా అల్లుడూ. మనోళ్ళది మనం సెయ్యకపోతే ఎవుడు సేస్తాడు?" అనేవాడు. విమానం ఒళ్ళు, రెక్కలు, రంగులు ఆయనవి. లోపల గడియారాల్లాంటి మీటర్లుంటాయి కదా, ఎత్తు, వేగం, ఇంధనం చూపించేవి, వాటి ముళ్ళు సరిగ్గా తిరిగేలా చేసే పని నాది. జగదల్‌పూర్‌లో కంప్యూటర్ డిగ్రీ చదివి, అక్కడే ఒక షాపులో ల్యాప్‌టాప్‌లు విప్పుకుంటున్న నాకు దళంలో హోదా ముళ్ళ శాఖ మంత్రి.

ఆ విమానానికి ఒక శాసనం ఉంది. దాని మీద ఎరుపు ఉండకూడదు.

ఇది మావయ్య పెట్టిన ఆంక్ష కాదు, చరిత్ర పెట్టింది. జపాను విమానాల మీద ఎర్రటి గుండ్రం ఉండేది. బ్రిటిష్ విమానాల గుర్తులోనూ చక్రం నడిమధ్య ఎర్రబొట్టే ఉండేది. బర్మా ఆకాశంలో దూరం నుంచి ఎరుపు కనిపిస్తే ఎవరిదో ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? కాల్చెయ్యడమే. అందుకని అటువైపు ఎగిరే మన విమానాల మీద ఎరుపంతా తీసేశారు. ముదురు నీలం చక్రం, మధ్యలో లేత నీలం బొట్టు. అంతే. "ఎరుపు కనిపిస్తే మనోళ్ళే కొట్టేస్తార్రా" అని మావయ్య రోజూ మంత్రంలా చదివేవాడు.

ఆ మంత్రం చదివేది ఎక్కడ? బచేలీలో. ఇనుప కొండల కింద. ఇక్కడ రోడ్డు ఎరుపు, చెట్ల ఆకులు ఎరుపు, వాన నీళ్ళు ఎరుపు, తెల్లకుక్క ఎరుపు. మా మావయ్య బనియన్లన్నీ కొత్తపెళ్ళికూతురి బుగ్గల్లా ఉండేవి. ఇలాంటి ఊళ్ళో కూర్చుని, ఎరుపు లేని విమానం చేస్తానని కంకణం కట్టుకున్న మనిషిని ఏమనాలి? అత్త అనవలసినవన్నీ అనేసింది, నాకేం మిగల్లేదు.

ఒకరోజు సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన తెరకి ముక్కు ఆనించి కూర్చున్నాడు. లేత నీలం బొట్టు మీద చిన్న ఎర్ర చుక్క ఉంది. చెరుపుతున్నాడు, పోవడం లేదు. ఇంకా దగ్గరికి లాగి, రంగు మార్చి, ఆ ముక్క తీసేసి మళ్ళీ పెట్టి చూశాడు. పోలేదు. నన్ను పిలిచాడు. డిగ్రీ ఉంది కదా, నేనూ కూర్చున్నాను. ఫైల్ పాడైందన్నాను. గ్రాఫిక్ కార్డు వేడెక్కిందన్నాను. చీకటి పడింది. అత్త పకోడీల పళ్ళెం పెట్టడానికి వచ్చి, మా ఇద్దరి మధ్య నుంచి చెయ్యి చాపి, కొంగుతో తెర మీద ఒక్క తుడుపు తుడిచింది. చుక్క పోయింది. ఖనిజం దుమ్ము.

"ఇద్దరూ మొగోళ్ళే" అంది అత్త. "ఒకడు ఫోర్‌మన్, ఒకడు గ్రాడ్యుయేటు."

"అల్లుడూ, శత్రువు దొరికాడ్రా" అన్నాడు మావయ్య గంభీరంగా. ఆ తర్వాత తెర ముందు కూర్చునే ముందల్లా అత్తని పిలిచేవాడు. "ఒలే, ఓపాలి రా. శత్రువొచ్చాడు." అత్త వంటింట్లోంచి తిట్టుకుంటూ వచ్చి కొంగుతో తుడిచి వెళ్ళేది. ఆయన చేతికి గుడ్డ దొరక్క కాదు.

మావయ్యకి ఊహించడం అంటే అసహ్యం. "తెలీకపోతే ఖాళీగా వదిలీ. బొంకు మాత్రం పెట్టకు" అనేవాడు. పైలట్ ఎడమ రెక్క మొదట్లో కాలు పెట్టి కాక్‌పిట్‌లోకి ఎక్కుతాడు. రోజూ బూట్లతో తొక్కితే అక్కడ రంగు అరిగిపోయి లోపలి లోహం బయటపడుతుంది. ఎంత అరుగుతుంది, ఏ ఆకారంలో అరుగుతుంది? ఫోటోలున్నాయి కానీ మసక. అందుకని ఆయన ఒక రేకు తెచ్చి, దాని మీద ఆకుపచ్చ, గోధుమ రంగులు వేసి, వరండాలో గుమ్మం ముందు పరిచేశాడు, పట్టాలాగా. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఒకటే విన్నపం: "కాళ్ళు బాగా రుద్దండి. ఇంకా గట్టిగా. సిగ్గుపడకండి." గ్యాస్ సిలిండర్ తెచ్చినవాడు, పక్క క్వార్టర్ వాళ్ళు, పంతులుగారు, అందరూ తమకు తెలియకుండానే హరికేన్ ఎడమ రెక్క మీద కాళ్ళు తుడుచుకున్నవాళ్ళే.

ఒక్కరు తప్ప. అడవి కూరలు, చింతపండు గంపలో పెట్టుకుని వచ్చే ముసలమ్మ ఒకామె ఉంది. హల్బీ, హిందీ కలిపి మాట్లాడుతుంది. ఆమె ఆ రేకుని చూసి పక్కనుంచి చుట్టి వచ్చేది. మావయ్య బతిమాలాడు.

"అమ్మా, పైర్ రఖో నా. ఏం కాదు."

"రంగ్ కరీ హుయీ చీజ్ పే పైర్ నహీ రఖ్తే, బాబూ" అంది ఆమె. రంగులద్దిన దాని మీద కాలు పెట్టకూడదట.

"చూశావా, విమానానికి మర్యాదిచ్చే మనిషి ఈవిడొక్కర్తే" అన్నాడు నాతో. అన్నాడే గానీ, ఆమె వచ్చినప్పుడల్లా ఆశగా కాళ్ళ వైపు చూసేవాడు.

ఆ రేకు అరగడానికి ఆయన చాలా కాలం ఎదురుచూశాడు. మంచి రంగే వేశాడు మరి. అరగలేదు.

ఇక అసలు సంగతి, మట్టి. మిగతా పని ఓ కొలిక్కి వచ్చాక, నచ్చజెప్పీ నచ్చజెప్పీ ఒక తొలి రూపాన్ని బయటికి వదిలేలా ఆయన్ని ఒప్పించాను. విమానం మీద ఎరుపు లేదు. గుర్తులు సరిగ్గా ఉన్నాయి. యుద్ధంలో ఉన్న విమానం కాబట్టి చక్రాల చుట్టూ, రెక్కల కింద, అతుకుల్లో దుమ్ము కూడా వేశాడు. మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. మావయ్య లేచి అత్తకి చదివి వినిపించాడు. ఆ తర్వాత మణిపూర్ నుంచి ఒక కుర్రాడి ఉత్తరం వచ్చింది. వాళ్ళ ఊరి పక్కనే అప్పటి పాత రన్‌వే ఒకటి ఉందట, దాని మీద ఇప్పుడు వడ్లు ఆరబోసుకుంటారట. చాలా మర్యాదగా రాశాడు. అన్నయ్యా, విమానం అద్భుతంగా ఉంది, కానీ దీని మీద ఉన్న మట్టి మాది కాదు, ఇంతకీ మీ విమానం ఏ ఊళ్ళో దిగింది, అని.

మావయ్య ఆ ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. తర్వాత విమానాన్ని తెర మీద తిప్పి చూశాడు. చక్రాల చుట్టూ, రెక్కల కింద, అతుకుల్లో, అంతా ఎరుపు. పాత ఫోటోలన్నీ నలుపు తెలుపు. వాటిలో దుమ్ముకి రంగుండదు. ప్రతి రివెట్టుకీ ఫోటో అడిగిన మనిషి దుమ్ముకి మాత్రం అడగలేదు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న రంగుకి ఎవరైనా ఫోటో అడుగుతారా? నాకూ తట్టలేదు. నేనూ ఇక్కడివాణ్ణే.

ఆయన లేచి వరండాలోకి వెళ్ళి, తీగ మీద ఆరేసిన తన బనియన్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను ఏదైనా జోకు వెయ్యాలని వెళ్ళాను. ఆయనే వేశాడు.

"అల్లుడూ, మన విమానం బచేలీలో దిగిపోయిందిరా."

నవ్వాడు. కానీ లోపలికి వచ్చి ఆ యాడ్-ఆన్‌ని వెనక్కి తీసేశాడు. "మట్టి సరిసేసి ఇద్దాం. లేకపోతే నా పేరు మీద ఒక అబద్ధం ఎగురుతా ఉంటది" అన్నాడు. నేను వద్దన్నాను. ఎవడు చూస్తాడు మావా అన్నాను. "ఆ కుర్రోడు సూశాడు గదా" అన్నాడు.

అప్పటినుంచీ ఆయనకి అదొక్కటే పట్టింది. ఎరుపు కాని దుమ్ము ఎలా ఉంటుంది? మణిపూర్ కుర్రాడు ఫోటోలు పంపాడు, లేత గోధుమరంగు, ఎండితే పిండిలా రాలుతుంది. మావయ్యకి చాలలేదు. "రంగు ఫోటోలో ఉంటాదిరా. తీరు ఉండదు. నూనె మీద ఎలా అంటుకుంటాది, నీళ్ళు పడితే ఎలా జారుతాది, అది సూడాల." నన్ను జగదల్‌పూర్ నుంచి ఇంద్రావతి నది ఒండ్రు తెమ్మన్నాడు. ఇసక కాదు, ఒండ్రు. అది దాదాపు ఆ రంగే. రేకు ముక్క మీద చల్లి, నీళ్ళు కొట్టి, చూసి వేస్తాడట.

నేను నది ఒడ్డున ఒండ్రు తవ్వి, షాపు మేడ మీద ఆరబోసి, గుడ్డతో జల్లించాను. షాపు ఓనర్ అది చేతబడి అనుకుని రెండ్రోజులు నాతో మర్యాదగా మాట్లాడాడు. దాన్ని సంచిలో కట్టుకుని బస్సెక్కాను. దారిలో పోలీసు నాకా దగ్గర బస్సు ఆపి సామాన్లు చూస్తారు. జవాను నా సంచి విప్పాడు.

"ఏ క్యా హై?"

"మిట్టీ, సాబ్."

"కహా లే జా రహే హో?"

"బచేలీ."

ఆయన నన్నూ మట్టినీ మార్చి మార్చి చూశాడు. దేశమంతా బచేలీ నుంచి మట్టి తవ్వుకుపోతుంటే, బచేలీకి మట్టి మోసుకెళ్ళే మొదటి మనిషివి నువ్వే భాయ్, అన్నాడు హిందీలో. బస్సంతా నవ్వింది. ఈ మాట మావయ్యకి ఎలా చెప్పాలో, ఎక్కడ ఆపి ఎక్కడ నవ్వాలో దారంతా నాలో నేను అనుకుంటూ వచ్చాను. గీదంలో బస్సు ఆగింది. చాయ్ తీసుకున్నాను. ఫోన్ మోగింది.

ఆ జోకు ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

నేను చేరేసరికి ఆయన్ని హాల్లో పడుకోబెట్టారు. దండ వెయ్యడానికి ఫోటో కావాలన్నారు. వెతికితే, అందర్నీ ఫోటో ఉందా అని అడిగిన మనిషికి సొంత ఫోటో లేదు. కంప్యూటర్ నిండా ఆయన తీసిన రేకుల ఫోటోలే, పక్కన స్టీలు స్కేలు, ఒక మూల ఆయన బొటనవేలు. దానికి దండ వెయ్యలేం కదా. చివరికి ఎవరో గని వాళ్ళ పిక్నిక్‌లో తీసిన ఫోటో ఇచ్చారు. అందులో ఆయన ఆకాశంలోకి చూస్తున్నాడు. ఏం ఎగిరిందో తెలియదు.

బచేలీ అంతా వచ్చింది. పక్క గని ఊరు కిరందుల్ నుంచి కూడా వచ్చారు. షిఫ్ట్ దిగినవాళ్ళు దిగినట్టే, గని బూట్లతో వచ్చారు. గుమ్మం ముందు ఆగి, బూట్లు రుద్దుకుని, విప్పి, లోపలికి వెళ్ళి, చూసి, బయటికొచ్చి, మళ్ళీ తొడుక్కుని అక్కడే నిలబడ్డారు. కాళ్ళు రుద్దమని చెప్పేవాడు లోపల పడుకుని ఉన్నాడు, అయినా ఎవరూ మర్చిపోలేదు. కూరలమ్మే ముసలమ్మ వచ్చింది. గంప తేలేదు. వరండాలో అడుగు పెట్టే చోటు లేదు. ఆమె జనంలో నలిగి, గడప దగ్గర, లోపలికి చూస్తూ నిలబడింది. కిందికి చూశాను. ఆమె ఎడమ రెక్క మీద నిలబడి ఉంది.

ఆయన్ని తీసుకెళ్ళి తిరిగొచ్చాక, వరండా కడగడానికి నీళ్ళు పోశారు. ఎర్రటి నీళ్ళు పోయాయి. రేకు బయటపడింది. మధ్యలో రంగు లేదు. వెండిలా మెరుస్తున్న లోహం, చుట్టూ గోధుమరంగు, దాని అంచున ఆకుపచ్చ. ఆయన అంతకాలం ఎదురుచూసిన అరుగుదల, ఏ ఫోటోలోనూ సరిగ్గా కనిపించని ఆ ఆకారం, ఒక్కరోజులో వచ్చేసింది. మావా, చూడు, అని పిలవబోయాను.

కర్మకాండ అయ్యాక నేను వెళ్ళిపోతానంటే అత్త సంచి చూపించింది. "ఆ మట్టి సంగతి తేల్చవా?"

"నీకు తెలుసా అత్తా?"

"తెలవకేటి? ఏడాదిగా నా సెవిలో ఊదరగొడతన్నాడు, ఒండ్రనీ పిండనీ. అబద్ధం ఎగురుతాదంట." కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "సెయ్యి. నాను నీళ్ళు పోస్తాను."

అలా ప్రతిపక్షం ప్రభుత్వంలో చేరింది. రేకుని కడిగి, నూనె రాసి, ఇంద్రావతి ఒండ్రు చల్లాం. అత్త ఇస్త్రీ చేసేటప్పుడు వాడే స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొట్టింది. దుమ్ము సన్నటి చారలుగా జారి అంచుల్లో ఆగింది. నేను ఫోటో తీశాను. చూసుకుంటే మూల నా బొటనవేలు పడింది. ఇంకోటి తియ్యలేదు. ఆ అరుగుదల చూసి రెక్క, ఆ చారలు చూసి దుమ్ము వేశాను. ఆయన చేతి నేర్పు నాకు లేదు. కానీ ఊహించి వేసింది ఒక్క గీత కూడా లేదు. తెలియని చోట్ల ఖాళీగా వదిలేశాను. బయటికి వదిలాం. మణిపూర్ కుర్రాడు ఒక్క వాక్యం రాశాడు, ఇప్పుడు మా ఊళ్ళో దిగింది అని. మావయ్య సంగతి అతనికి ఎలా రాయాలో నాకింకా తెలియలేదు.

వదిలిన రోజు అత్త ఆయన కుర్చీలో కాకుండా పక్కన స్టూల్ వేసుకుని కూర్చుంది. ఇన్నేళ్ళలో విమానం ఎగరడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. "ఏదీ, ఎగరేయ్" అంది. ఎగరేశాను. లేత గోధుమరంగు దుమ్ము లేపుకుంటూ లేచింది. కొండలు దాటింది. ఎండలో ఒక పక్కకి వాలితే, నీలం చక్రం తెర మధ్యకి వచ్చింది.

"బాగుందిరా" అంది అత్త. కాసేపటికి, "ఇది ఎక్కడ దిగుతాది?" అంది.

ఆ సిమ్యులేటర్ పటంలో బచేలీ లేదు.

లేత నీలం బొట్టు మీద చిన్న ఎర్ర చుక్క ఉంది. అత్త చూసింది. ఎవరూ పిలవకుండానే, అలవాటు కొద్దీ కొంగు తీసుకుని చెయ్యి చాపింది. తెర దాకా వచ్చి ఆ చెయ్యి ఆగిపోయింది. నేను చేసిన ఇంధనం ముల్లు సరిగ్గా పనిచేస్తోంది, కొద్దికొద్దిగా కిందికి జారుతోంది. విమానం గుండ్రంగా తిరుగుతోంది. అత్త కొంగు అలాగే గాల్లో పట్టుకుని కూర్చుంది.